ఒక రీలు - ఒక పంట

(పొలములో ఫిల్ము కెమేరా వాడుకను గురించి ఒక వ్యవసాయాధికారి అనుభవములు)



నేడు ఫొటో తీయుట కష్టమైన పని కాదు. మన జేబులోని ఫోనే కెమేరా. గట్టున నిలబడి వ్రేలితో ఒకసారి తాకినచో ఒక బొమ్మ వచ్చును. పదిసార్లు తాకినచో పది వచ్చును. అందుకు పైసా ఖర్చు లేదు. ఇట్టి రోజులలో, రీలుకు 36 బొమ్మలే ఇచ్చునదియు, తీసిన బొమ్మను వెంటనే చూపనిదియు, రీలుకు వందల రూపాయలు ఖర్చు పెట్టించునదియు అయిన ఫిల్ము కెమేరాను గురించి వ్యవసాయ పత్రికలో వ్రాయనేల అని మీరు అడుగవచ్చును. అందుకు కారణము నేను చేసిన ఒక తప్పు. ముందు దానిని చెప్పి, తరువాత పద్ధతిని చెప్పెదను.

గట్టు మీది బొమ్మలు

కొన్ని సంవత్సరముల క్రిందట గోదావరి డెల్టాలోని ఒక మండలమునకు నేను క్రొత్తగా వచ్చితిని. అది సార్వా కాలము. నాకంటె వయసులో చాల పెద్దవాడైన ఒక కౌలురైతు, "మా చేను ఒకసారి చూసెల్లండి సారూ" అని పిలిచెను. రెండెకరముల స్వర్ణ వరి. నాడు నేను చూడవలసిన పొలములు మరి ఏడు ఉన్నవి. బూట్లు విప్పి బురదలో దిగుటకు బద్ధకించి, గట్టు వెంట నడచుచు ఫోనుతో నలుబది ఫొటోలు తీసితిని. పైరు పొట్టదశలో నుండి, ముదురు పచ్చగా, గాలికి అలలు వేయుచు కన్నుల పండువుగా నుండెను. "చాల బాగున్నది, భయపడనక్కర లేదు" అని చెప్పి వచ్చివేసితిని.

పండ్రెండు రోజుల తరువాత ఆయనే కబురు చేసెను. వెళ్ళి చూడగా చేని నడుమ మూడు చోట్ల పైరు గుండ్రముగా ఎండి, చాప పరచినట్లు పడిపోయి ఉన్నది. అప్పుడు దిగి దుబ్బులు విడదీసి చూచితిని. నీటిమట్టమునకు పైన, పిలకల మొదళ్ళలో, లెక్కింప వీలులేనంత సుడిదోమ. సుమారు అర ఎకరములో గింజ దక్కలేదు. కౌలు మాత్రము ముందు మాట్లాడుకొన్న బస్తాల ప్రకారమే ఆయన కొలిచి ఇచ్చుకొనవలసి వచ్చెను.

ఆయన నన్ను నిందింపలేదు. "మీ ఫోన్లో ఇంకా పచ్చగానే ఉంటదేమోనండి సారూ" అని మాత్రము అనెను. ఇంటికి వచ్చి ఆ బొమ్మలను తిరుగవేసితిని. నిజమే. నలుబది బొమ్మలలోను పైరు పచ్చగానే ఉన్నది. ఒక్కదానిలోను దుబ్బు మొదలు లేదు.

సుడిదోమ స్వభావము మీరెరుగుదురు. అది ఆకుల మీద తిరుగదు. దుబ్బు అడుగున, నీడలో, తేమలో చేరి రసము పీల్చును. పైన ఆకు పండుబారునప్పటికి క్రింద నష్టము చాలవరకు జరిగియే ఉండును. కావున గట్టు మీద నుండి తీసిన బొమ్మ ఎంత అందముగా ఉన్నను ఈ పురుగు విషయములో అది సాక్ష్యము కాదు. దాని వలన చూచితిమను తృప్తి మాత్రము కలుగును. ఆ తృప్తియే ప్రమాదము.

ఆ ఏడు సంక్రాంతికి ఇంటికి వెళ్ళినపుడు మా నాన్నగారి పాత ఫిల్ము కెమేరా బీరువాలో కనబడెను. నాన్నగారు దానితో ఏడాదికి రెండు రీళ్ళకు మించి తీసెడివారు కారు. ప్రతి బొమ్మకు ముందు ఆయన చాలసేపు చూచెడివారు. పిల్లలమైన మేము విసుగుకొనెడివారము. ఆ ఆలస్యమే నాకు కావలసినదని అప్పుడు తోచెను.

ముప్పది ఆరు బొమ్మల లెక్క

మామూలుగా దొరకు 35 మిల్లీమీటర్ల రీలులో 36 బొమ్మలు వచ్చును. స్వర్ణ సుమారు 150 రోజుల పంట. నారుమడి కాలము ఒక నెల తీసివేసినచో నాటిన చేనిలో అది ఉండునది 120 రోజులు, అనగా 17 వారములు. వారమునకు రెండు బొమ్మల చొప్పున 34. మిగిలిన రెండింటిలో మొదటిది పలకపై సర్వే నంబరు, నాటిన తేదీ వ్రాసి తీయునది. చివరిది కోసిన తరువాత కుప్ప వద్ద రైతును నిలిపి తీయునది. ఈ విధముగా ఒక రీలు ఒక పంటకు సరిగా సరిపోవును.

వారమునకు తీయు రెండు బొమ్మలలో ఒకటి గట్టు మీద నుండి, రెండవది మడిలో దిగి దుబ్బు మొదటిది. గట్టు మీది బొమ్మకు ఒక కర్ర పాతి, ప్రతివారము అక్కడనే నిలబడి, అదే ఎత్తున, అదే దిక్కునకు చూచి తీయవలెను. చోటు మారినచో ఒక వారపు బొమ్మను మరియొక వారపు బొమ్మతో పోల్చుటకు వీలుండదు. రెండవ బొమ్మకు ప్రతివారము చేనిలో వేరొక చోటికి పోవలెను.

ఇచ్చట నేను పెట్టుకొన్న నియమము ఒకటి కలదు. దుబ్బు బొమ్మ తీయుటకు ముందు చేనిలో మూలగా నడచుచు ఇరువది దుబ్బులు విడదీసి, దోమలను లెక్కించి, సగటు డైరీలో వ్రాయవలెను. లెక్క వ్రాయనిదే షట్టరు నొక్కరాదు. పిలకల దశలో దుబ్బుకు 10 నుండి 15 దోమలు, ఈనిన తరువాత 20 నుండి 25 దోమలు కనబడినచో మందు విషయము ఆలోచింపవలసిన సమయము వచ్చినట్లే. ఆ లెక్కకు చాల ముందుగనే మనకు తెలియుట ముఖ్యము.

ఫిల్ము బొమ్మ పంట చేతికి వచ్చువరకు మనకు కనబడదు గదా, దాని వలన ఆ పంటకు ఏమి లాభమని కొందరు అడిగిరి. లాభము బొమ్మ వలన కాదు, బొమ్మకు ముందు చూచిన చూపు వలన. "తరువాత ఫోనులో చూచుకొందములే" అను అవకాశము లేదు గనుక కన్ను అప్పుడే పనిచేయవలసి వచ్చును. బొమ్మలు వచ్చే ఏటి పాఠమునకు ఉపయోగపడును.

ఏ ఫిల్ము వేయవలెను?

ఫిల్ము డబ్బా మీద 100, 200, 400 అని వేగము అచ్చువేసి ఉండును. అంకె పెరిగిన కొలది తక్కువ వెలుతురులో బొమ్మ వచ్చును, కాని రేణువులు కొంచెము ముతకగా ఉండును. మబ్బుగా నుండు సార్వాకును, దుబ్బు మొదళ్ళ నీడకును 400 మంచిది. దాళ్వాలో ఎండ నిలకడగా ఉండును గనుక 100 చాలును.

నలుపు-తెలుపు ఫిల్ము ఇంటిలోనే కడుగుకొనవచ్చును, ఎక్కువకాలము నిలుచును. అయితే ఆకు పసుపెక్కుట, ఎరుపెక్కుట, ఈనెల నడుమ పాలిపోవుట వంటి పోషకలోపములు రంగు ఫిల్ములోనే తెలియును. జింకు లోపమును నలుపు-తెలుపు బొమ్మలో చూపబూనుట వృథా ప్రయాస.

ఎర్రనేలల వారికి ఒక మాట. నేను అంతకు మునుపు అనంతపురము జిల్లాలో పనిచేసినపుడు వేరుశనగ చేలలో ఒక చిక్కు వచ్చినది. మన కంటికి పచ్చని మొక్క, ఎర్రని నేల వేరువేరుగా కనబడును. నలుపు-తెలుపు ఫిల్ములో రెండును ఇంచుమించు ఒకే బూడిదరంగుగా పడి మొక్కలు నేలలో కలిసిపోవును. లెన్సు ముందు ఆకుపచ్చని ఫిల్టరు బిగించినచో ఆకు తేలికగాను, నేల నల్లగాను వచ్చి మొలకలు లేని ఖాళీలు స్పష్టముగా తెలియును. ఫిల్టరు కొంత వెలుతురును ఆపును గనుక ఆ మేరకు షట్టరు కాలము పెంచవలెను.

వెలుతురు అంచనా

పాత కెమేరాలలో వెలుతురు కొలుచు మీటరు పనిచేయకపోవచ్చును. విచారింప నక్కర లేదు. ఈ సులభ సూత్రమును గుర్తుంచుకొనిన చాలును: మంచి ఎండలో లెన్సు రంధ్రమును 16 వద్ద ఉంచి, షట్టరును ఫిల్ము వేగమునకు దగ్గరి అంకె వద్ద ఉంచవలెను. 100 ఫిల్మునకు 125, 400 ఫిల్మునకు 500. ఎండ పలుచనై నీడల అంచులు మసకబారినచో 11. మబ్బు పట్టి నీడలు కనబడీ కనబడనట్లున్న 8. దట్టమైన మబ్బులో 5.6. రంధ్రపు అంకె తగ్గిన కొలది రంధ్రము పెద్దదగునని మరువరాదు.

మీటరు ఉన్నవారు వరిచేనిలో ఒక జాగ్రత్త తీసికొనవలెను. నిలిచిన నీటి మెరుపు, తెల్లని ఆకాశము మీటరును మోసగించును. వెలుతురు చాల ఎక్కువగా ఉన్నదని అది చెప్పును. మనము నమ్మినచో పైరు నల్లగా పడును. మీటరును వంచి పచ్చని ఆకుల మీదనే కొలత తీసికొని, ఆ కొలతతో తీయవలెను. సందేహము కలిగినపుడు కొంచెము ఎక్కువ వెలుతురు ఇచ్చుటయే మేలు. నెగెటివు ఫిల్ము ఎక్కువ వెలుతురును ఓర్చుకొనును గాని తక్కువ వెలుతురును క్షమింపదు.

నడిమధ్యాహ్నము ఫొటోలకు మంచి సమయము కాదు. ఎండ నిట్టనిలువుగా పడి పై ఆకులు తెల్లగాను, లోపల చీకటిగాను ఉండును. ఉదయము ఏడు నుండి తొమ్మిది వరకు, సాయంత్రము నాలుగు తరువాత అనుకూలము. దుబ్బు మొదలు ఏ వేళనైనను నీడలోనే ఉండును. అందుకు భుజము మీది తెల్ల తుండుగుడ్డ మంచి సాధనము. ఒకరు దుబ్బులను పాయదీసి పట్టుకొని, మరియొక చేతితో తుండుగుడ్డను ఎండకు ఎదురుగా చాచినచో వెలుతురు వంగి లోపలికి పోవును. 400 ఫిల్ముతో షట్టరు 60, రంధ్రము 8 లేక 5.6 నాకు సరిపోయినవి. షట్టరు 60కి తగ్గినచో చేతి వణకు బొమ్మలో పడును. గాలి వీచునపుడు ఆకులు కదలును గనుక గట్టు మీది బొమ్మకు 250కి తగ్గరాదు.

ఏది బొమ్మలో పడును, ఏది పడదు

సాధారణముగా 50 మిల్లీమీటర్ల లెన్సు 45 సెంటీమీటర్ల కంటె దగ్గరగా ఫోకసు కాదు. అంత దగ్గర నుండి తీసినను బొమ్మలో 24 సెంటీమీటర్ల వెడల్పు పడును. మూడు నాలుగు మిల్లీమీటర్ల దోమ ఫిల్ము మీద అర మిల్లీమీటరు చుక్క మాత్రమే. కావున ఈ కెమేరాతో పురుగును గుర్తింపబోరాదు. పురుగును గాజుగొట్టములో వేసికొని పరిశోధనాస్థానము వారికి చూపవలెను. కెమేరాతో తీయవలసినది పురుగు ఉన్న పరిస్థితిని: నీరు ఎంత ఉన్నది, దుబ్బులు ఎంత గుబురుగా ఉన్నవి, మొదళ్ళకు మసి పట్టినదా, కాలిబాటలు తీసినారా లేదా అనునవి.

ప్రతి దగ్గరి బొమ్మలోను ఒక అగ్గిపెట్టెనో, స్కేలునో పెట్టవలెను. అది లేనిచో మచ్చ ఎంతదో, గింజ ఎంతదో చూచువారికి తెలియదు.

ఫోను తేదీని, స్థలమును తానే గుర్తుంచుకొనును. ఫిల్ము ఏదియు గుర్తుంచుకొనదు. అందుచేత డైరీ లేని ఫిల్ము సగము వృథా. బొమ్మ నంబరు, తేదీ, వేళ, సర్వే నంబరు, పైరు వయసు, నిలబడిన చోటు, చూచిన దిక్కు, దోమ సగటు, నీటి లోతు, ఆ వారము వేసిన ఎరువు - ఇవి ఒక వరుసలో వ్రాయుటకు రెండు నిమిషములు చాలును. పెన్సిలుతో వ్రాయండి, వానకు సిరా చెదరును.

ఫిల్మునకు శత్రువులు

వేడి: అన్నింటిలో పెద్ద శత్రువు. మే నెలలో ఎండన నిలిపిన జీపులోను, మోటారు సైకిలు పెట్టెలోను కెమేరాను వదలరాదు. వాడని ఫిల్మును మూతగట్టిన డబ్బాతో ఫ్రిజ్జులో ఉంచవలెను. బయటకు తీసిన వెంటనే మూత తెరచినచో చల్లని ఫిల్ము మీద తేమ పట్టును. గంట, గంటన్నర ఆగి తెరువవలెను. మెట్ట ప్రాంతపు పొడి వేసవిలో రీలు డబ్బాను స్టీలు పెట్టెలో పెట్టి, పెట్టెకు తడి గోనె చుట్టినచో కొంత చల్లగా ఉండును. కోస్తా ఉక్కలో ఈ ఉపాయము పనిచేయదు, తడి ఆరదు గనుక.

ఎక్స్‌పోజు చేసిన ఫిల్మును తొందరగా కడిగించుట మేలు. ఒక చేనికి ఒక రీలు చొప్పున నాలుగు నెలలు కెమేరాలో ఉంచుటకు నలుపు-తెలుపు ఫిల్మే తగును. అదియు చల్లని చోట ఉంచినపుడే. రంగు ఫిల్మునకు ఆ ఓర్పు తక్కువ. ఇద్దరు రైతులు కలిసి రెండు చేలను ఒకే రీలుపై తీసినచో రెండు నెలలకే రీలు పూర్తియై ఈ చిక్కు తీరును. పిమ్మట రెండవ రీలు వేసికొనవచ్చును.

తేమ: వానాకాలములో తోలు సంచిలో మూసిపెట్టిన లెన్సునకు బూజు పట్టును. తోలు తేమను పట్టి ఉంచును. గట్టి మూత గల డబ్బాలో సిలికాజెల్ పొట్లముతో ఉంచవలెను. నీలిరంగు సిలికాజెల్ గులాబీరంగునకు మారినచో వేడిచేసి ఆరబెట్టవలెను. ఆ రంగు వేసిన పదార్థము విషము గనుక వంటపాత్రలలో వేడిచేయరాదు.

దుమ్ము: నూర్పిళ్ళ దగ్గర కెమేరా వీపు తెరువరాదు. ఒక్క ఇసుక రేణువు చేరినను రీలు పొడవునా గీత పడును. దుమ్మును రబ్బరు బుడ్డితో ఊదవలెను గాని నోటితో ఊదరాదు. ఉమ్మితుంపర లెన్సుపై పడును. మోటారు సైకిలు అదురుకు మరలు వదులగును గనుక కెమేరాను బండికి కట్టక ఒంటికి తగిలించుకొనవలెను.

మందులు: పిచికారీ జరుగుచున్న చేనిలోనికి కెమేరా తీసికొని పోరాదు. ఇది కెమేరా క్షేమము కొరకు కాదు, మన క్షేమము కొరకు. మందు అంటిన చేతితో పట్టిన కెమేరాను తరువాత మన కంటికి ఆనించుకొందుము. సబ్బుతో చేతులు కడిగిన తరువాతనే దానిని ముట్టవలెను.

తిరుగని పిడి

మరియొక తప్పు కూడ చెప్పెదను, మీకది కలుగకుండుటకు. ఒక గ్రామములో జీలుగ కలియదున్నుటపై ప్రదర్శన జరిపితిమి. వచ్చిన రైతులను, దున్నుటను, దమ్మును అన్నింటిని శ్రద్ధగా తీసితిని. కెమేరా అంకె 36 దాటి 37, 38 కూడ వచ్చెను. రీలు మంచిది, రెండు ఎక్కువ ఇచ్చినదని సంతోషించితిని. వెనుకకు చుట్టబోగా పిడికి బరువే తెలియలేదు. ఫిల్ము కొస పంటిచక్రమునకు పట్టలేదు. ఒక్క బొమ్మయు పడలేదు.

కావున ఫిల్ము ఎక్కించునపుడు మన నీడలో నిలబడి, కొసను బాగుగా దూర్చి, రెండు వైపుల రంధ్రములు పళ్ళకు పట్టినవని చూచి, అప్పుడు మూత వేయవలెను. మూత వేసి ఎక్కువ వదులు లేకుండ చుట్టిన పిదప, ప్రతి బొమ్మకు లీవరు త్రిప్పునపుడు ఎడమవైపు పిడి తనంత తాను తిరుగుచున్నదా అని చూడవలెను. పిడి తిరిగినచో ఫిల్ము నడచుచున్నది. తిరుగనిచో ఆగి చూచుకొనవలెను.

కడుగుట

రంగు ఫిల్మును పెద్ద పట్టణముల లాబులకు పంపవలసి ఉండును. నలుపు-తెలుపు ఫిల్మును స్నానాల గదిలో కడుగుకొనవచ్చును. రసాయనములకు 20 సెంటిగ్రేడు డిగ్రీలు ప్రమాణము. మన కుళాయి నీరు వేసవిలో 30 దాటును. రసాయనపు పాత్రను మంచు వేసిన బకెట్టులో నిలిపి వేడి తగ్గించుకొనవలెను. 24 డిగ్రీల కంటె తగ్గింప వీలు కానిచో కడుగు కాలమును సుమారు మూడవవంతు తగ్గించవలెను. చివరి కడుగు నీరు కూడ ఇంచుమించు అదే వేడిలో ఉండవలెను. చల్లని ఫిల్మును వేడినీటిలో వేసినచో పైపూత మెత్తబడి ముడుతలు పడును.

వాడిన ఫిక్సరులో వెండి కరిగి ఉండును. దానిని పంట కాలువలోను, చేపల చెరువులోను పోయరాదు. వేరు డబ్బాలో పోగుచేసి లాబు వారికి ఇవ్వవలెను. రసాయనములను షర్బతు సీసాలలో నింపి ఉంచుట ఇంటిలోని పిల్లలకు ప్రాణాపాయము.

ఫోనునకు ఉన్న చోటు

ఫోను పనికిరాదని నేను చెప్పుట లేదు. ఈ-పంట నమోదుకు స్థలము, వేళ గుర్తు గల ఫోను ఫొటోయే కావలెను. తెగులు సోకిన ఆకును ఆ క్షణమున శాస్త్రజ్ఞునకు పంపి సలహా పొందుటకు ఫోనును మించినది లేదు. ఈ పనులు ఫిల్మునకు సాధ్యము కావు.

ఫిల్ము ఇచ్చునవి రెండు. ఒకటి, ముందు చెప్పిన నిదానము. రెండవది, నిలుకడ. అమెరికాలో 1930 దశకములో కరవు, దుమ్ముతుపానులతో రైతులు వలసపోయినపుడు, అక్కడి ప్రభుత్వము రాయ్ స్ట్రైకర్ ఆధ్వర్యమున ఫొటోగ్రాఫర్లను పల్లెలకు పంపెను. పోవు ప్రాంతమును గురించి, అక్కడి పంటను గురించి ముందు చదువుకొని వెళ్ళుడని ఆయన పట్టుబట్టెడివాడు. డొరోథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియా బఠాణీ తోటల వద్ద తీసిన వలస తల్లి బొమ్మ ఆ పనిలోనిదే. ఆ నెగెటివులు సుమారు 1,75,000 నేటికిని వాషింగ్టను నగరపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసులో ఉన్నవి. మన దేశములోను 1960లో ఊటీలో హిందూస్తాన్ ఫొటో ఫిల్మ్స్ అను ప్రభుత్వ సంస్థ ఏర్పడి, "ఇందు" పేర ఫిల్ము తయారుచేసెను. ఆ కర్మాగారము మూతపడినది. నేడు మనకు దొరకునది విదేశపు ఫిల్మే. అందుచేతనే ధర ఎక్కువ. ఒక్క బొమ్మను కూడ వృథా చేయరాదనుటకు ఇదియు ఒక కారణము.

ఒక ఏటి రీలు చెప్పినది

మరుసటి సార్వాకు ఆ కౌలురైతు చేనికే మొదటి రీలు కేటాయించితిని. ఆయన నవ్వి, "ఈసారి గట్టు దిగుతారా అండి?" అని అడిగెను. దిగితిని. ప్రతివారము దిగితిని. నాటునపుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలను తూర్పు పడమరలుగా తీయించితిమి. పదవ వారమున డైరీలో దుబ్బుకు 3, పదునొకండవ వారమున 7. గట్టు మీద నుండి చూచిన పైరులో ఏ మార్పును లేదు. ఆనాడే నీరు తీసివేసి చేనిని ఆరబెట్టితిమి. వేయబోవు యూరియాను ఆపితిమి. పొరుగువారు చెప్పిన సింథటిక్ పైరిత్రాయిడు మందును వద్దంటిమి. అది దోమను అణచుటకు మారుగా మరల విజృంభింపజేయును. పండ్రెండవ వారమున 8, తరువాత 5. సుడి పడలేదు.

సంక్రాంతి ముందు రీలు కడిగి, నెగెటివులన్నిటిని ఒకే కాగితముపై పరచి ప్రింటు తీసితిని. ఆ కాగితమును పట్టుకొని ఆయన ఇంటికి వెళ్ళితిని. అరుగు మీద కూర్చుండి, కళ్ళజోడు పెట్టుకొని, ఆయన ఒక్కొక్క బొమ్మను వ్రేలితో చూపుచు చూచెను. గట్టు మీది బొమ్మలలో పది, పదునొకటి, పండ్రెండు వారములు మూడును ఒకే తీరున ఉన్నవి. ఏది దోమ ఎక్కిన వారమో చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. దుబ్బు బొమ్మలలో మాత్రము తేడా కలదు: ఒకదానిలో మొదళ్ళ చుట్టు నీరు, నల్లని చుక్కలు, తరువాతిదానిలో నెర్రె విచ్చుచున్న బురద.

"గట్టు మీద నుంచి చూత్తే ప్రతి చేనూ బాగానే ఉంటదండి" అని ఆయన అనెను. ఇంత వ్రాసి నేను చెప్పదలచినదంతయు ఆ మాటలో ఉన్నది.

పాఠకులారా! ఇంటిలో పాత కెమేరా ఉన్నవారు దుమ్ము దులిపి ఈ సార్వాకు ఒక రీలు వేయండి. లేనివారు క్రొత్తగా కొననక్కర లేదు. మీ ఫోనులోనే ఈ నియమము పాటింపవచ్చును: పంటకు 36 బొమ్మలు, వారమునకు రెండు, ఒకటి గట్టు మీద, ఒకటి దుబ్బు మొదట, లెక్క వ్రాసిన తరువాతనే బొమ్మ. గ్రామ వ్యవసాయ సహాయకులు తమ పరిధిలో ఒక్క చేనికైనను ఇట్టి వరుస తయారుచేసి కోతల తరువాత రైతుల సమావేశములో చూపినచో, పది ఉపన్యాసముల కంటె అది ఎక్కువ బోధించును.

అయితే దేనితో తీసినను, ముందు చెప్పులు విప్పి చేనిలో దిగండి.